పరీక్ష అడిగేముందు

భార్యాభర్తల గొడవ ఫ్యామిలీ కోర్టు దాకా వచ్చాక ఏదో ఒక వాయిదాలో ఆ మాట వినపడుతుంది. "డీఎన్‌ఏ టెస్టు చేయిస్తే సరి, ఎవరి మాట నిజమో తేలిపోతుంది." భర్త అనొచ్చు. అతని వెంట వచ్చిన మేనమామ అనొచ్చు. ఒక్కోసారి అవమానం పట్టలేక భార్యే "రేపే చేయించండి, నాకేం భయం" అంటుంది. అలా అంటున్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది ఎదుటి మనిషి ఒక్కరే. రక్తం ఇవ్వాల్సింది మాత్రం వరండాలో అమ్మమ్మ ఒళ్లో కూర్చుని బిస్కెట్ తింటున్న పిల్ల. ఆ ఫలితంతో బతకాల్సిందీ ఆ పిల్లే.

అనుమానంతో నిద్ర పట్టని తండ్రి, ఆ అనుమానానికి గురైన తల్లి, ఇద్దరి మధ్య కూర్చుని మాట్లాడుతున్న పెద్దలు, అందరూ చదవాలని ఈ అధ్యాయం రాస్తున్నాను. పితృత్వ పరీక్ష మంచిదా చెడ్డదా అన్న చర్చ నాకు అక్కర్లేదు. అది అవసరమైన సందర్భాలు ఉన్నాయి, వాటి గురించి కూడా చెబుతాను. కానీ పిటిషన్ మీద సంతకం పెట్టే చాలామందికి తాము ఏం అడుగుతున్నారో, చట్టం ఏం ఇస్తుందో, అడిగాక ఏం మిగులుతుందో తెలియదు. అది తెలుసుకున్నాక సంతకం పెట్టాలో వద్దో మీరే నిర్ణయించుకోండి.

ముందు తేదీల లెక్క

అనుమానం ఎక్కువగా ఒక కాగితం దగ్గర మొదలవుతుంది. ఆ కాగితం ఆసుపత్రి స్కాన్ రిపోర్టు. ఒక లెక్క చూద్దాం. గల్ఫ్‌లో పనిచేసే భర్త సెలవు మీద జనవరి 10న ఇంటికి వచ్చాడు. ఫిబ్రవరి 12న భార్యకి స్కాన్ తీస్తే "గర్భం 6 వారాలు" అని వచ్చింది. అతను వేళ్ల మీద లెక్కపెట్టాడు. తను వచ్చి 33 రోజులు, అంటే ఐదు వారాలు కూడా నిండలేదు. మరి ఆరు వారాల గర్భం ఎక్కడిది? ఆ రాత్రి నుంచి కాపురం కాపురంలా లేదు.

ఇక్కడ ఎవరి తప్పూ లేదు. డాక్టర్లు గర్భాన్ని కలిసిన రోజు నుంచి లెక్కపెట్టరు. చివరిసారి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. ఆమెకి జనవరి 1న నెలసరి వచ్చిందనుకోండి. అండం విడుదలయ్యేది సుమారు రెండు వారాల తర్వాత, అంటే జనవరి 15 ప్రాంతంలో. గర్భం నిలిచింది అప్పుడు. ఫిబ్రవరి 12 నాటికి కడుపులో పిండం వయసు నాలుగు వారాలే, కానీ రిపోర్టులో ఆరు వారాలని ఉంటుంది. ప్రసవం తేదీ అక్టోబరు 8 అని రాస్తారు. బిడ్డ ఓ రెండు వారాలు ముందుగా సెప్టెంబరు 24న పుట్టినా డాక్టర్ల లెక్కలో నెలలు నిండిన బిడ్డే. భర్త లెక్కలో మాత్రం తను వచ్చిన ఎనిమిదిన్నర నెలలకే పుట్టిన బిడ్డ. వకీలు దగ్గరికి వెళ్లేముందు ఆ స్కాన్ కాగితాలన్నీ తీసుకుని ఒక గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. వీలైతే ఇద్దరూ కలిసి వెళ్లండి. అరగంటలో తీరిపోయే అనుమానంతో ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగడం కన్నా నష్టం ఇంకేముంటుంది?

రెండోది బ్లడ్ గ్రూపు. "నాది ఎ, ఆమెది బి, వీడికి ఓ ఎలా వచ్చింది?" అని అడుగుతారు. వస్తుంది. ఎ గ్రూపు మనిషిలో ఓ లక్షణం దాగి ఉండొచ్చు, బి గ్రూపు మనిషిలోనూ ఉండొచ్చు. ఆ రెండూ బిడ్డకి చేరితే ఓ గ్రూపే. తల్లిదండ్రుల్లో ఒకరిది ఏబీ అయి బిడ్డది ఓ అయితే మామూలుగా పొసగదు. కానీ అక్కడా చిక్కుంది. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం గుర్తించిన అరుదైన 'బాంబే గ్రూపు' రక్తం మామూలు పరీక్షలో ఓ లాగే కనిపిస్తుంది. అందుకే బ్లడ్ గ్రూపు చీటీ పట్టుకుని ఎవరి మీదా నింద వేయకూడదు. ఇక రంగు, ముక్కు, ఎవరి పోలిక అన్న మాటలకి కోర్టులోనూ విలువ లేదు, సైన్సులోనూ లేదు.

చట్టం ఎక్కడ నిలబడింది

పెళ్లి నిలిచి ఉన్న కాలంలో పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే అని చట్టం తీసుకుంటుంది. విడాకులైనా, భర్త చనిపోయినా, తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉంటే ఆ తర్వాత 280 రోజుల్లోపు పుట్టిన బిడ్డకీ ఇదే వర్తిస్తుంది. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఇది 112వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 116వ సెక్షన్. నంబరు మారింది, సారం మారలేదు. పాత తీర్పులన్నీ 112 పేరుతోనే కనిపిస్తాయి కాబట్టి రెండూ గుర్తుంచుకోండి.

ఈ ఊహని చట్టం తిరుగులేని రుజువుగా చూస్తుంది. దీన్ని తోసేయడానికి ఒకే దారి ఉంచింది. బిడ్డ కడుపున పడగలిగిన కాలం మొత్తంలో భార్యాభర్తలు కలిసే అవకాశమే లేదని చూపించాలి. 'కలవలేదు' అంటే చాలదు, 'కలిసే అవకాశం లేదు' అని రుజువు కావాలి. 1950ల్లోనే ఒక తెలుగు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పింది. 2025 జనవరి 28న కేరళ నుంచి వచ్చిన కేసులో మళ్లీ అదే చెప్పింది.

ఈ తేడా ఎంత పెద్దదో ఇంకో లెక్కతో చూపిస్తాను. కువైట్‌లో పనిచేసే మనిషి 2022 మార్చిలో వెళ్లి 2024 జనవరిలో తిరిగొచ్చాడు. 2023 ఆగస్టులో బిడ్డ పుట్టింది. పాస్‌పోర్టులో వెళ్లిన ముద్ర, వచ్చిన ముద్ర ఉన్నాయి. కంపెనీ హాజరు పట్టీ, జీతం జమ అయిన వివరాలు ఉన్నాయి. మధ్యలో భార్య విజిట్ వీసా మీద అక్కడికి వెళ్లలేదని ఆమె పాస్‌పోర్టు చూపిస్తోంది. ఇది కోర్టు వినే కేసు. ఇప్పుడు రెండో మనిషిని చూడండి. భార్య అలిగి పుట్టింటికి వెళ్లింది. పుట్టిల్లు ఇరవై కిలోమీటర్ల దూరం. పండక్కి అతను వెళ్లాడు, ఒక పెళ్లిలో ఇద్దరూ కనపడ్డారు. "అయినా మా మధ్య ఏమీ లేదు" అంటాడు. అది నిజమే కావచ్చు. కానీ కలిసే అవకాశం ఉంది కాబట్టి చట్టం ముందు అతనే తండ్రి. ఒకే ఇంట్లో వేర్వేరు గదుల్లో పడుకున్నామన్న వాదనకీ ఇదే గతి.

ఇంత కఠినంగా ఎందుకు పెట్టారని చాలామంది కోపంగా అడుగుతారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, అయినా నేను చట్టం వైపే ఉంటాను. పెద్దవాళ్ల మధ్య నమ్మకం చెడినప్పుడల్లా పిల్లల పుట్టుకని తవ్వే వీలుంటే, ఆస్తి పంచుకునే ప్రతి బాబాయీ, భరణం ఎగ్గొట్టాలనుకునే ప్రతి భర్తా అదే పని చేస్తారు. బిడ్డ తన గురించి తాను వాదించుకోలేదు. దాని తరఫున చట్టం ముందే నిలబడింది.

కోర్టులు నడిచిన దారి

డీఎన్‌ఏతో పితృత్వం తేల్చడం మన దేశంలో మొదలైంది హైదరాబాద్‌లోనే. 1980ల చివర్లో కేరళలోని తలశ్శేరి కోర్టు ముందుకి వచ్చిన ఒక వివాదంలో నమూనాలు ఇక్కడి పరిశోధన సంస్థ సీసీఎంబీకి వచ్చాయి. పరీక్ష చేసి కోర్టులో సాక్ష్యం చెప్పింది డాక్టర్ లాల్జీ సింగ్. తర్వాత ఇలాంటి డీఎన్‌ఏ పరీక్షల కోసం ఇక్కడే సీడీఎఫ్‌డీ అనే కేంద్రం వచ్చింది.

సైన్సు ముందుకు వెళ్లింది కానీ కోర్టులు ఆచితూచి అడుగేశాయి. 1993లో పశ్చిమ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు కొన్ని హద్దులు గీసింది. రక్తపరీక్షని అడిగిన వెంటనే ఇవ్వకూడదు. ఏదైనా దొరుకుతుందేమోనని వెతకడానికి ఇవ్వకూడదు. కలిసే అవకాశం లేదన్న బలమైన ప్రాథమిక ఆధారం ముందు ఉండాలి. బిడ్డ మీద అక్రమ సంతానమన్న ముద్ర, తల్లి శీలం మీద మచ్చ పడతాయేమో ఆలోచించాలి. రక్తం ఇవ్వమని ఎవరినీ బలవంతం చేయకూడదు. 2003లో మరో కేసులో ఇంకో కోణం చేర్చింది. వైవాహిక వివాదంలో వైద్య పరీక్షకి ఆదేశించే అధికారం కోర్టుకి ఉంది, ఆదేశించాక నిరాకరిస్తే ఆ మనిషికి వ్యతిరేకంగా ఊహించుకోవచ్చు అంది. 2010లో ఒడిశా కేసులో 'అత్యవసరం' అన్న కొలత పెట్టింది. పరీక్ష లేకుండా నిజం తేల్చడం సాధ్యం కాదా అని ముందు చూడాలన్నమాట.

మరి పరీక్ష జరిగిపోయి, రిపోర్టు చట్టం ఊహకి ఎదురు తిరిగితే? 2001లో సుప్రీంకోర్టు ఆ ఊహ వైపే మొగ్గింది. 2014 జనవరిలో మహారాష్ట్ర నుంచి వచ్చిన మనోవర్తి కేసులో మాత్రం సైన్సు వైపు మొగ్గింది. ఆ కేసులో మొదటి రిపోర్టు నాగ్‌పూర్ ల్యాబు నుంచి వచ్చింది. భార్య ఒప్పుకోకపోతే రెండోసారి హైదరాబాద్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబుకి పంపారు. రెండూ అతను తండ్రి కాదనే చెప్పాయి. తండ్రి కాదని సైన్సు తేల్చాక ఆ బాధ్యత మోయమని బలవంతపెట్టలేమని కోర్టు అంది. అప్పటిదాకా కట్టిన డబ్బు మాత్రం వెనక్కి ఇప్పించలేదు.

ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. రిపోర్టు ఒకసారి ఫైల్లోకి వచ్చాక దాన్ని పక్కకి నెట్టడం కష్టం. కాబట్టి అసలు పోరు పరీక్షకి ఆర్డరు ఇవ్వాలా వద్దా అన్న దగ్గరే. అడిగేవాళ్లు తమ ఆధారాలన్నీ అక్కడే పెట్టాలి. వద్దనేవాళ్లు తమ అభ్యంతరాలన్నీ అక్కడే చెప్పాలి. "ముందు టెస్టు కానివ్వండి, తర్వాత చూసుకుందాం" అనే సలహా ఎవరిచ్చినా వినకండి.

ఇటీవలి తీర్పుల్లో బిడ్డ ఇంకా స్పష్టంగా కనపడుతోంది. 2022 నవంబరులో తెలంగాణ కేసు ఒకటి సుప్రీంకోర్టుకి వెళ్లింది. కట్నం వేధింపుల ఫిర్యాదులో ఒక భార్య తన ఇద్దరు కూతుళ్లకి తండ్రి భర్త సోదరుడని చూపడానికి డీఎన్‌ఏ పరీక్ష కోరింది. కింది కోర్టు ఒప్పుకుంది, హైకోర్టు కాదనలేదు. సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ పిల్లలు కేసులో కక్షిదారులు కారు, వాళ్ల పుట్టుక ఆ కేసులో తేల్చాల్సిన అంశమే కాదు, చట్టం అనుమతించినంత మాత్రాన ప్రతిచోటా ఆదేశించకూడదు అంది. అక్కడ అడిగింది తల్లే. అంటే బిడ్డ హక్కుని తండ్రి నుంచే కాదు, అవసరమైతే తల్లి నుంచీ కోర్టు కాపాడుతుంది.

2023 ఫిబ్రవరి 20న పుణె దంపతుల విడాకుల కేసులో జస్టిస్ వి.రామసుబ్రమణియన్, జస్టిస్ బి.వి.నాగరత్నల ధర్మాసనం ఇంకాస్త ముందుకెళ్లింది. భార్య వ్యభిచారం రుజువు చేయడానికి బిడ్డని సాధనంగా వాడుకోవద్దంది. బిడ్డకీ గోప్యత హక్కు ఉందంది. తల్లి బిడ్డని పరీక్షకి పంపనంటే, ఆ ఒక్క కారణంతో బిడ్డ పుట్టుక గురించి వ్యతిరేకంగా ఊహించుకోకూడదంది. వ్యభిచారం రుజువు చేయడానికి వేరే సాక్ష్యం తెచ్చుకోవచ్చంది. భార్య నిరాకరిస్తే వ్యతిరేకంగా ఊహిస్తామన్న 2014 నాటి ఇంకో తీర్పుని ఇప్పుడు దీనితో కలిపి చదవాలి. మీ వకీలు పాత తీర్పు ఒక్కటే చూపించి ధైర్యం చెబుతుంటే 2023 తీర్పు సంగతి ఏమిటని అడగండి.

మీకు కావాల్సింది ఏది?

ఒక కాగితం తీసుకుని ఒక్క వాక్యం రాయండి. "నాకు కావాల్సింది ..." అని. ఖాళీలో 'నిజం' అని రాయకండి. నిజం తెలిశాక ఏం చేస్తారో అది రాయండి.

'విడాకులు' అని రాశారా? విడాకులకి డీఎన్‌ఏ అక్కర్లేదు. క్రూరత్వం, విడిచిపెట్టి వెళ్లడం, పరస్పర అంగీకారం, ఇలా దారులున్నాయి. వ్యభిచారమే ఆరోపణ అయితే దానికి కాల్ రికార్డులు, ప్రయాణాల వివరాలు, సాక్షులు ఉంటారు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో వ్యభిచారం నేరం కాకుండా పోయింది కానీ విడాకులకి కారణంగా అది ఇంకా ఉంది. పరస్పర అంగీకారంతో విడిపోయే దంపతులు బిడ్డ పుట్టుక ప్రస్తావనే లేకుండా బయటపడొచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చే దారి అదే.

'మనోవర్తి తప్పించుకోవడం' అని రాశారా? కనీసం కాగితం మీదైనా దాచకుండా రాయండి. భార్య మనోవర్తి వేరు, బిడ్డ మనోవర్తి వేరు. పాత 125, ఇప్పటి నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్ కింద పెళ్లిలో పుట్టిన బిడ్డకైనా, పెళ్లి బయట పుట్టిన బిడ్డకైనా తండ్రి నుంచి మనోవర్తి వస్తుంది. డీఎన్‌ఏ పిటిషన్ పెండింగులో ఉందన్న ఒక్క కారణంతో మధ్యంతర మనోవర్తి ఆగదు. కట్టడం మానేస్తే బకాయి పెరుగుతుంది, ఆ తర్వాత వారంటు వస్తుంది. 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం మనోవర్తి దరఖాస్తు పెట్టిన రోజు నుంచి లెక్కకి వస్తుంది. కాబట్టి పరీక్ష పేరుతో కాలం గడపడం మీ జేబుకే బరువు.

'మనశ్శాంతి' అని రాశారా? ఇది చాలామంది నిజంగా కోరుకునేది, కోర్టు ఇవ్వలేనిది. పరీక్షలో మీ బిడ్డే అని తేలిందనుకుందాం. ఆ రోజు సాయంత్రం భార్య మొహం ఎలా చూస్తారు? ఆమె ఆ ఇంటికి తిరిగి రాగలదా? మీ బిడ్డ కాదని తేలిందనుకుందాం. ఐదేళ్లు భుజాన మోసిన పిల్లాడు మర్నాడు మీకు ఏమవుతాడు? నేను ఈ ప్రశ్నలు మిమ్మల్ని భయపెట్టడానికి అడగడం లేదు. వీటికి మీ దగ్గర జవాబు ఉంటేనే ముందుకు వెళ్లండి. లేకపోతే ముందు ఫ్యామిలీ కోర్టు కౌన్సెలర్‌తోనో, ఒక మనస్తత్వ నిపుణుడితోనో మాట్లాడండి. అనుమానం ఒక్కోసారి అనారోగ్యం కూడా. దానికి మందుంది.

సంతానం కోసం ఆసుపత్రిలో చికిత్స తీసుకున్న దంపతులకి ఒక మాట. దాత వీర్యంతో లేదా దాత అండంతో బిడ్డ పుడితే డీఎన్‌ఏ కలవకపోవడంలో వింతేమీ లేదు. 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ఆ బిడ్డని ఆ దంపతుల సొంత బిడ్డగానే చూస్తుంది. దాతకి తల్లిదండ్రుల హక్కులు ఉండవు. అప్పుడు సంతకం పెట్టి, గొడవ వచ్చాక "వీడు నా రక్తం కాదు" అనడం కన్నా పెద్ద అన్యాయం ఇంకొకటి లేదు.

పరీక్ష నిజంగా అవసరమయ్యే చోట్లున్నాయి. పెళ్లి కాకుండా తల్లయిన ఆడపిల్ల బిడ్డకి మనోవర్తి అడిగితే, ఆ మగవాడు "నాకు సంబంధం లేదు" అంటే, పరీక్షే ఆమెకి దిక్కు. అక్కడ పెళ్లి ఊహ అడ్డం రాదు. మాజీ ముఖ్యమంత్రి, ఆంధ్రప్రదేశ్ మాజీ గవర్నర్ ఎన్.డి.తివారీ కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. తన తండ్రి ఆయనేనని ఒక యువకుడు 2008లో ఢిల్లీ హైకోర్టులో దావా వేశాడు. ఆయన నిరాకరిస్తూ వచ్చారు. చివరికి 2012 మే 29న డెహ్రాడూన్‌లో ఆయన ఇంట్లోనే రక్తం తీశారు. పరీక్ష హైదరాబాద్ సీడీఎఫ్‌డీలో జరిగింది. జులై 27న కోర్టులో ఫలితం బయటపెట్టారు. ఆయనే తండ్రి. అలాగని ఎదిగిన పిల్లలు అడిగిన ప్రతిసారీ ఇస్తారనుకోకండి. ఇందాక చెప్పిన 2025 కేరళ కేసులో అడిగింది ఎదిగిన కొడుకే. తల్లి పెళ్లి నిలిచి ఉన్న కాలంలో పుట్టాడు కాబట్టి, మూడో వ్యక్తిని పరీక్షకి లాగడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

దొంగచాటు పరీక్ష వద్దు

ఇంటర్నెట్‌లో కిట్టు తెప్పించి, పిల్లాడు నిద్రపోతుండగా బుగ్గలోపల దూది పుల్ల తిప్పి పంపేవాళ్లున్నారు. ఆ రిపోర్టు మీద కోర్టులో వాదన నిలవడం కష్టం. ఆ నమూనా ఎవరిదో, ఎవరు తీశారో, దారిలో ఎవరి చేతులు మారిందో చెప్పే సాక్షి ఉండడు. పైగా తల్లిదండ్రుల్లో రెండోవాళ్లకి తెలియకుండా బిడ్డ శరీరం నుంచి నమూనా ఎలా తీశారన్న ప్రశ్న మీ మీదికే వస్తుంది. కానీ నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి. ఒంటరిగా, రాత్రిపూట, ఫోన్‌లో ఆ రిపోర్టు తెరిచి చూసే మనిషి పక్కన ఆ సమయంలో ఎవరూ ఉండరు. ఆ క్షణంలో తీసుకునే నిర్ణయాలు భయంకరంగా ఉంటాయి.

కోర్టు ఆదేశించిన పరీక్ష తీరు వేరు. అసలు కేసు (ఓపీ లేదా ఎంసీ) నడుస్తుండగా మధ్యంతర దరఖాస్తు (ఐఏ) వేస్తారు, ఎదుటివాళ్లు జవాబుగా కౌంటర్ వేస్తారు, వాదనలు విని ఆర్డరు ఇస్తారు. ఖర్చు సాధారణంగా అడిగినవాళ్లే కోర్టులో కట్టాలి. చెప్పిన రోజున తండ్రి, తల్లి, బిడ్డ ముగ్గురూ హాజరు కావాలి. ఫొటోలు, గుర్తింపు కార్డులు, వేలిముద్రలు, సంతకాలతో ఫారాలు నింపుతారు. రక్తం గాని బుగ్గ నుంచి నమూనా గాని తీసి, సీలు వేసి ల్యాబుకి పంపుతారు. సీలు మీ ఎదుటే వేశారో లేదో చూడండి. పేర్లు తారుమారు కాలేదని చూడండి. రిపోర్టు సీల్డు కవరులో కోర్టుకే వెళ్తుంది.

ల్యాబులో చూసేది ఇది. మన డీఎన్‌ఏలో కొన్ని చోట్ల ఒకే చిన్న ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. ప్రతి చోటా బిడ్డకి ఒక అంకె తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. ఒకచోట బిడ్డవి 12, 15, తల్లివి 12, 14 అనుకోండి. 12 తల్లిది. 15 తండ్రి నుంచే రావాలి. అతనిలో 15 ఉంటే ఆ చోట కలిసినట్టు. 9, 11 ఉంటే కలవనట్టు. ఒకే ఒక్క చోట కలవకపోతే ల్యాబు వెంటనే కాదనేయదు, తరం మారేటప్పుడు అంకె మారడం అప్పుడప్పుడూ ఉంటుంది. చాలా చోట్ల కలవకపోతేనే తండ్రి కాదంటారు. తల్లి నమూనా కూడా ఎందుకు కావాలో ఇప్పుడు తెలిసింది కదా. ఆరోపణ అన్నదమ్ముల్లో ఒకరి మీదైతే ఆ సంగతి ల్యాబుకి ముందే తెలియాలి. వాళ్ల అంకెలు చాలావరకు కలుస్తాయి. రిపోర్టు మీద సందేహం ఉంటే నిపుణుణ్ణి పిలిపించి ప్రశ్నించే హక్కు ఇద్దరికీ ఉంది.

నోటీసు అందుకున్న తల్లికి

అమ్మా, ఆ ఐఏ కాగితం చేతికి వచ్చిన రోజు కోపంలో "చేయించుకోండి" అని రాసి ఇవ్వకండి. మీకు ఏ తప్పూ లేకపోయినా, ఆ పరీక్ష మీ బిడ్డది. కౌంటర్‌లో మీ శీలం గురించి పేజీలు రాయాల్సిన పనిలేదు. పెళ్లి తేదీ, కాపురం ఎక్కడెక్కడ చేశారు, బిడ్డ కడుపున పడిన రోజుల్లో భర్త ఎక్కడున్నాడు, ఇవి రాయండి. డెలివరీ కాగితం మీద భర్త సంతకం, జనన ధ్రువపత్రంలో అతని పేరు, బారసాల ఫొటోలు, స్కూలు ఫారం, ఆధార్, ఏది ఉంటే అది జతచేయండి. కలిసే అవకాశం లేదని అతను తన పిటిషన్‌లో ఎక్కడా చెప్పకపోతే ఆ సంగతి మొదటి పేరాలోనే రాయించండి. ఆర్డరు మీకు వ్యతిరేకంగా వస్తే నమూనా ఇచ్చే తేదీ లోపే హైకోర్టుకి వెళ్లాలి. ఇచ్చాక వెళ్తే ప్రయోజనం ఉండదు.

వకీలుకి డబ్బు లేదని వెనకడుగు వేయకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఇంకో దరఖాస్తు ఇద్దరిలో ఎవరైనా పెట్టొచ్చు, పెట్టాలి. విచారణ తలుపులు మూసి జరపమని అడగడం. ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఒక్కరు కోరినా కోర్టు అలా జరిపి తీరాలి. దాంతోపాటు ఆర్డర్లలో బిడ్డ పేరు బదులు పొడి అక్షరం వాడమని రాతపూర్వకంగా కోరండి. తీర్పులు ఇప్పుడు కోర్టు వెబ్‌సైట్లలోకి ఎక్కుతున్నాయి. ఈరోజు రెండో తరగతి చదువుతున్న పిల్ల ఇంకో పదేళ్లకి తన పేరు తానే ఫోన్‌లో కొట్టి వెతుక్కుంటుంది. ఆ దరఖాస్తుకి అయ్యే ఖర్చు చాలా తక్కువ. మొదటి వాయిదాకే వేయించండి.